సాలీడు మీద పడిన నింద

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన ఏడాది, ఆగస్టు ఆఖరులో నన్ను బందరు నుంచి దివిసీమకు బదిలీ చేశారు. అప్పటికి నా హోదా సివిల్ సర్జన్ స్పెషలిస్టు, విభాగం జనరల్ మెడిసిన్. హోదాలో సర్జన్ అన్న మాట ఉన్నంత మాత్రాన మేము కత్తి పట్టం. జ్వరాలు, గుండె, ఊపిరితిత్తులు, విషాలు మా పని. ప్రభుత్వ వైద్యశాఖలో మెట్లకు ఆ పాత పేర్లే నిలిచిపోయాయి, అంతే.

నేను చేరిన ఆస్పత్రి అవనిగడ్డ చుట్టుపక్కల ఉన్న చాలా లంక గ్రామాలకు దిక్కు. పొద్దున ఓపీ, తర్వాత వార్డు రౌండు, ఈ రెండింటి మధ్య ఎప్పుడంటే అప్పుడు పాముకాటు. వానాకాలం దివిసీమలో పనిచేసిన ఫిజీషియన్‌కు పాముకాటు చెయ్యి తిరిగిన పని అయిపోతుంది. గాయం వంక చూడకముందే రోగి కనురెప్పలు వాలిన తీరు చూసి ఎలాంటి విషమో పోల్చుకోవడం నాకు బందరులోనే అలవాటైంది. రిటైర్‌మెంటు దగ్గరపడ్డ మనిషిని అక్కడ వేశారేమిటని తోటి డాక్టర్లు జాలిపడ్డారు గాని, నాకు ఆ బదిలీ ఇష్టంగానే ఉంది. పరీక్షలు తక్కువ దొరికే చోట డాక్టరు కళ్లకు, చేతులకు పని ఎక్కువ. నా కళ్ల మీద, చేతుల మీద నాకు నమ్మకం ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆ ఏడు కృష్ణకు పెద్ద నీరు వచ్చింది. లంక పొలాలు మునిగాయి. నది ఊళ్ల మీద పడకుండా ఒడ్డు పొడవునా పోసిన మట్టికట్టను ఇక్కడ కరకట్ట అంటారు. దాని మీద రోడ్డు, వాలు నిండా తుమ్మకంప, రెల్లు, మోకాలెత్తు గడ్డి. వరద తీశాక, ఆ కట్టను ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో పెద్ద పెద్ద సాలీళ్లు కనిపించాయి. ఊరి పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, నాకు బాగా కావలసినవాళ్లు.

కాళ్లతో కలిపి అరచేతిలో సగం పైనే ఉండేవి అవి. మట్టి రంగు, ఒళ్లంతా నూగు, లావుపాటి కాళ్లు. మన ఇళ్ల మూలల్లో గూడు అల్లే సాలీడులా గోడలు పట్టుకుని పాకవు. నేల మీదే నడుస్తాయి, అదీ చీకటి పడ్డాకే. టార్చి వెలుగులో ఎవరో తీసిన వీడియో మండలంలో ప్రతి ఫోనులోకీ వెళ్లింది. కొందరు దానికి భయపెట్టే సంగీతం కూడా కలిపారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఊళ్లో ఒక మరణం జరిగింది. రాంబాబు గారని యాభై దాటిన రైతు, పదిమందీ మాట వినే మనిషి. ఆయన తమ్ముడి భార్య జ్వరంతో మంచం పట్టి, ముందు నాటువైద్యం చేయించుకుని, ఆఖరులో విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లి అక్కడ పోయింది. ఒంటి మీద నల్లమచ్చ ఉందని, విషపురుగేదో కుట్టి ఉంటుందని ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో అన్నారట. ఆ మాటా, ఈ వీడియో కలిశాయి. ఊరికి శత్రువు దొరికింది.

రాంబాబు గారు చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. కుర్రాళ్లను, నడివయసు రైతులను పోగు చేసి కరకట్ట వాలు మీద కంప కొట్టించడం మొదలుపెట్టారు. సాలీళ్లకు దాక్కునే చోటు ఉండకూడదన్నది ఆయన ఉద్దేశం. కన్నం కనిపిస్తే డీజిల్ పోసి అంటించారు. రోజూ పొద్దున్నే వెళ్లడం, మధ్యాహ్నం ఆ గడ్డిలోనే కూర్చుని అన్నాలు తినడం, సాయంత్రానికి చచ్చిన సాలీళ్లను బకెట్లో వేసుకుని రావడం.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. నాకు సంబంధించినంతవరకు కథ మొదలైంది నాగమణితో.

నాగమణి ఆ ఊరి పిల్లే, ముప్పై లోపు వయసు. భర్త శ్రీను కౌలురైతు. అక్టోబరు మొదట్లో ఒక ఉదయం ఓపీ జరుగుతుండగా ఆటోలో తీసుకువచ్చాడు. ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతోంది. కళ్లు ఎర్రబారి ఉన్నాయి. వారంగా జ్వరం, తల పగిలిపోయేంత నొప్పి.

"సాలీడు కుట్టిందండీ," అన్నాడు శ్రీను. "గేదెలకి గడ్డి కోస్తుంటే కాలి మీద పాకిందంట."

మోకాలి కింద నల్లటి ఆకుపసరు మందంగా పట్టించి ఉంది. సెలైన్ నీళ్లతో కడిగిస్తే దాని అడుగున గడ్డి కోసుకున్న గీత ఒకటి, పసరు ఘాటుకు కమిలిన చర్మం. అంతకు మించి ఏమీ లేదు. కుట్టినప్పుడు నొప్పి పుట్టిందా అని అడిగాను.

"ఏమోనండీ డాక్టరమ్మ గారూ, పాకినట్టు అనిపించింది," అంది నాగమణి, ఊపిరి తీసుకుంటూ. "తర్వాత చూసుకుంటే గీరుకుని ఉంది."

ఆక్సిజన్ తొంభైకి దిగువన ఉంది. ఊపిరితిత్తుల అడుగుభాగాల్లో రెండువైపులా చప్పుడు వినిపిస్తోంది. డెంగీ కార్డు పరీక్ష నెగటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గాయి, లివరు కూడా దెబ్బతింది. విషం అయితే ఇన్ని రోజులు ఆగి ఇలా ఊపిరితిత్తుల మీదకు రాదు. ఇది ఎక్కడో చదివిన నడక, నాలుగైదుసార్లు బందరులో చూసిన నడక. తెర లాగమని స్టాఫ్ నర్సు స్వరూపకు చెప్పి, జాకెట్టు హుక్కులు తీయమన్నాను.

నాగమణి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కుట్టింది కాలి మీదండీ."

"కాలు చూశానమ్మా. ఇప్పుడు మిగతాది చూడాలి."

ఎడమ రొమ్ము కింద, చర్మం మడత పడేచోట కనిపించింది. కందిగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి వలయం, అచ్చం సిగరెట్టుతో చురక పెట్టినట్టు. మేము దాన్ని ఎస్కార్ అంటాం. ముట్టుకుంటే నొప్పి లేదు, దురద లేదు. అది తన ఒంటి మీద ఉన్నట్టు ఆ అమ్మాయికే తెలియదు.

స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి అది ముద్ర. గడ్డిలో, పొదల్లో నల్లి జాతికి చెందిన ఒక పురుగు ఉంటుంది. దాని పిల్లపురుగు కంటికి ఆనదు. ఎలుకల చెవుల్లో బతుకుతూ, మనిషి ఆ గడ్డిలో కూర్చుంటే బట్టల లోపలికి పాకి, బట్ట బిగుతుగా ఉండే చోటో, చర్మం మడత పడే చోటో చూసుకుని కుడుతుంది. కుట్టినట్టు తెలియదు. వారం, పది రోజుల తర్వాత జ్వరం వస్తుంది. రక్తపరీక్ష నిర్ధారణ రావాలంటే నమూనా విజయవాడ వెళ్లాలి, రోజులు పడుతుంది. అంతవరకు ఆగితే రోగి ఉండదు. అందుకని ఎస్కార్ కనబడిందంటే మందు మొదలుపెట్టేయాలి. మందు కూడా అరుదైనదేమీ కాదు, డాక్సీసైక్లిన్ అని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉండే మాత్ర. దాంతోపాటు సెలైన్‌లో ఇంకొక యాంటీబయాటిక్ కలిపి పెట్టించాను. కోవిడ్ పుణ్యమా అని మా వార్డుకు ఆక్సిజన్ పైపులైను వచ్చి ఉంది.

మధ్యాహ్నానికి రాంబాబు గారు వచ్చారు, వెంట నలుగురు మనుషులు. నాగమణి ఆయనకు వరసకు కూతురు. మనిషి మర్యాదస్తుడే. నిలబడే మాట్లాడారు.

"మేడం, పాము ఇంజెక్షను మీ దగ్గర ఉంటది కదండీ. అది వేసేయండి."

"అది పాము విషానికే పనిచేస్తుందండీ. సాలీడు విషానికి పనిచేయదు. అసలు ఈ అమ్మాయి ఒంట్లో ఉన్నది విషమే కాదు."

నల్లి సంగతి వివరించాను. ఆయన పూర్తిగా విన్నారు.

"ఆ పురుగుని మీరు చూశారా అండీ?"

"చూడలేదు. కంటికి కనిపించదు."

"సాలీణ్ణి మేం ఊరంతా చూశామండీ," అన్నారు. "కళ్లెదురుగా తిరిగేదాన్ని వదిలేసి కనపడనిదాని మీద పెడతానంటారేంటండీ? మా ఇంట్లో ఒక మనిషి పోయింది. ఇంకో ఆడపిల్లని పోగొట్టుకోలేం. బయట అంబులెన్సు రెడీగా ఉంది, విజయవాడ తీసుకెళ్లిపోతాం."

వాళ్లను ఆపే అధికారం నాకు లేదు. రోగిని బంధువులు తీసుకువెళ్తామంటే సంతకం పెట్టించుకుని పంపడమే నిబంధన. నేను శ్రీనుతో మాట్లాడాను. ఈమెకు కావలసిన మందు పడింది, రెండు రోజుల్లో జ్వరం దిగాలి, ఈలోపు ఆక్సిజన్ మరీ పడిపోతే నేనే వెంట ఉండి పంపిస్తాను, ఇప్పుడు దారిలో పెట్టడం మంచిది కాదు అని చెప్పాను. శ్రీను ఒకసారి రాంబాబు గారి వైపు, ఒకసారి తెర వైపు చూశాడు.

"మావయ్యా, ఉంచుతాను," అన్నాడు చివరికి. "మేడం గారు అంత గట్టిగా చెప్తున్నారు. చూద్దాం."

రాంబాబు గారు నా వైపు తిరిగి, "పిల్లకేదన్నా అయితే మాత్రం…" అని ఆగిపోయారు. ఆయన కళ్లలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది.

మర్నాటికి జ్వరం కొంత తగ్గింది. మూడో రోజు ఉదయం రౌండుకు వెళ్లేసరికి నాగమణి మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. ఆక్సిజన్ తీసేసినా ఇబ్బంది లేదు. డాక్సీసైక్లిన్‌కు ఇంత చప్పున లొంగడమే ఈ జ్వరానికి ఇంకొక గుర్తు. నా వరకు రోగనిర్ధారణ అయిపోయింది.

ఊరికి మాత్రం కాలేదు. "విషం దిగింది" అనుకున్నారు. నేను వేయనన్న పాము ఇంజెక్షనే రహస్యంగా వేశానని కూడా ప్రచారం జరిగింది. ఒక మనిషి బతకడంతో సాలీడు మీద అనుమానం తొలగకపోగా ఇంకా బలపడింది.

తర్వాతి వారంలో అదే ఊరి నుంచి మరికొందరు వచ్చారు. ఈసారి అందరూ మగవాళ్లు. ఒకరికి చంకలో, ఒకరికి గజ్జల్లో, ఒకరికి మోకాలి వెనక నల్లటి పక్కు. ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాను: పది పన్నెండు రోజుల కిందట ఎక్కడ పనిచేశారు? అందరి జవాబూ ఒకటే. కరకట్ట మీద కంప కొట్టడానికి వెళ్లారు. సాలీళ్లను చంపబోయిన మనుషులు ఆ గడ్డిలో కూర్చుని అన్నాలు తిని, జ్వరం తెచ్చుకుంటున్నారు. వాళ్లకు జ్వరం వచ్చినకొద్దీ సాలీళ్ల మీద కసి పెరిగి ఇంకొంతమంది గడ్డిలోకి దిగుతున్నారు.

ఆ మండలంలోని ఆరోగ్య కేంద్రం డాక్టరు ఫోను చేసి మరొక కబురు చెప్పాడు. రాంబాబు గారు పురుగుమందు డబ్బాలు, పవర్ స్ప్రేయర్లు సిద్ధం చేయించారట. వాలు మొత్తం తడిపేస్తారట. ఆ వాలు అడుగునే ఊరి మంచినీటి చెరువు. ఒక్క వాన పడితే మందంతా అందులోకి దిగుతుంది.

జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి చెప్పాను. బృందం వస్తుంది గాని రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ఆపే పని ఈలోపే జరగాలి. జ్వరం గురించి నేను చెప్పగలను. సాలీడు గురించి, ఇది అలాంటిది కాదు అని చెప్పేవాళ్లు వేరే కావాలి. నాకు తెలిసినవాళ్లలో ఆ మాట చెప్పగలిగింది ఒక్కరే, గుడివాడలో ఇంటర్‌లో నాకు జువాలజీ చెప్పిన జీవరత్నం మాస్టారు. మాది ముదినేపల్లి దగ్గర పల్లె. నేను రోజూ బస్సులో గుడివాడ వెళ్లి చదువుకునేదాన్ని. మాస్టారు అప్పట్లోనే పొలంగట్ల వెంట, చేపల చెరువుల గట్ల వెంట సాలీళ్ల కోసం తిరిగేవారు. డెబ్భై దాటాక కూడా ఆ తిరుగుడు మానలేదు.

ఫోనులో వీడియో పంపితే పావుగంటలో ఆయనే చేశారు.

"అమ్మాయ్, ఒకటి రెండిటిని చంపకుండా ఉంచమను. నేను రేపు వస్తున్నాను."

"కారు పంపిస్తాను మాస్టారూ."

"కారెందుకు? పామర్రు దాటితే చల్లపల్లి ఎంత? బస్సులో వస్తా."

అన్నట్టే మర్నాడు మూడింటికల్లా భుజాన సంచితో దిగారు. స్వరూపను మందులతో సహా వెంటబెట్టుకుని ఆస్పత్రి జీపులో ముగ్గురం బయలుదేరాం. మేము వెళ్లేసరికి కరకట్ట మీద ఒక ట్రాలీ ఆపి ఉంది. డ్రమ్ములో మందు కలుపుతున్నారు. రాంబాబు గారు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మందపాటి ప్యాంటు, మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా, చేతులకు తొడుగులు వేసుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఎదురొచ్చి, మాస్టారు పెద్దవారని కుర్చీ తెప్పించారు.

మాస్టారు కూర్చోలేదు. "పొద్దు వాలనివ్వండి, మందు ఎక్కడికీ పోదు," అని, స్వరూప ఇచ్చిన పొడుగు బూట్లు తొడుక్కుని, ప్యాంటు అంచులు వాటిలోకి దోపుకుని వాలు దిగారు. గడ్డి కొట్టేసిన చోట చాలాసేపు వెతికి ఒక కన్నం చూపించారు. రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దది. అంచు చుట్టూ లోపలి వైపు తెల్లటి పట్టుపొర అతికించినట్టు ఉంది. వెలుగు పూర్తిగా పోకముందే కన్నం అంచున రెండు కాళ్లు కనిపించాయి. మాస్టారు గడ్డిపరకతో నెమ్మదిగా గెలికారు. సాలీడు ముందుకు దూకి పరకను పట్టుకుంది. వెంటనే వదిలేసి వెనక్కి పోయింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇది ఆడది," అన్నారు మాస్టారు. "ఏళ్ల తరబడి ఈ ఒక్క కన్నంలోనే ఉంటుంది. పురుగు దగ్గరికొస్తే పట్టుకుంటుంది, లేకపోతే పస్తుంటుంది. మీరు ఊళ్లో చూసినవి చాలావరకు మగవి. వానల్లో ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి. కొన్ని వరదకు కన్నాలు మునిగి పైకి వచ్చి ఉంటాయి."

"దీని పేరేంటండీ?" అడిగారు రాంబాబు గారు.

"ఇంటిపేరు చెప్పగలను గాని దీని పేరు చెప్పలేను. దీని చుట్టాల్ని చూశాను, దీన్ని ఇదే చూడ్డం."

"పేరు కూడా తెలియని పురుగుని మంచిదని ఎలా అంటారండీ?"

"మంచిదని ఎవరన్నారు బాబూ? కన్నంలో వేలు పెడితే కుడుతుంది. వాస్తుంది, ఒకటి రెండు రోజులు సలుపుతుంది. కుట్టిన సంగతి కుట్టించుకున్నవాడికి తెలియకుండా ఉండదు, అది మాత్రం రూఢి. ఒక్కరన్నా ఉన్నారా మీలో, ఇది కుట్టగా చూసినవాళ్లు?"

అంతలో వెనక నుంచి ఒకాయన, "అయితే మా వాళ్లకి ఒంటి మీద మచ్చలు ఎట్టా వచ్చినయ్యి?" అని గట్టిగా అడిగాడు. మిగతావాళ్లూ అందుకున్నారు. రాంబాబు గారు చెయ్యెత్తి వాళ్లను ఆపబోయి, పక్కనున్న మనిషి భుజం పట్టుకున్నారు. అప్పుడు చూశాను ఆయన్ని సరిగ్గా. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంత ఉక్కలో, అన్ని బట్టల్లో, వణుకుతున్నారు.

"ఎన్నాళ్ల నుంచి జ్వరం రాంబాబు గారూ?"

"జ్వరమేం లేదండీ. ఎండకి తలనొప్పి."

తొడుగు తీయించి చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది.

"మిమ్మల్ని సాలీడు కుట్టిందా?"

ఆయన నవ్వబోయారు. "నన్నెట్టా కుడుతుందండీ? ఈ బూట్లు, ఈ తొడుగులు లేకుండా ఒక్క పూట కూడా కట్ట దిగలేదు. వీళ్లందర్నీ అడగండి."

"అయితే మీ ఒంటి మీద మచ్చ ఉండకూడదు. చూద్దాం రండి."

ఊరందరి ముందు అన్నాను. కావాలనే అన్నాను. ఆయన వెనకాడారు. ఆడ డాక్టరు ముందు ఒళ్లు చూపించడం ఒక బిడియం, మచ్చ ఉంటే ఏమిటన్న భయం మరొకటి. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని, "నేను కూడా ఉంటాను, పదండి," అని కట్ట కిందనున్న పంచాయతీ ఆఫీసులోకి నడిపించారు.

చొక్కా తీయించి చంకలు, వీపు, పొట్ట చూశాను. ఏమీ లేదు. ప్యాంటు నడుము వదులు చేయమన్నాను. మొలతాడు పక్కకు జరిపితే, దాని కిందనే, తాడు ఒరుసుకునే చోట, ఎర్రటి వలయం మధ్య నల్లటి పక్కు. మాస్టారు తన ఫోనుతో ఫొటో తీసి ఆయనకు చూపించారు. రాంబాబు గారు దాన్ని చూసి, తాడు కింద వేలు పెట్టి తడిమి చూసుకున్నారు.

"ఇది ఎప్పుడొచ్చిందో నాకు తెలియనే తెలియదు."

"ఎవరికీ తెలియదండీ. బూటు, ప్యాంటు, తాడు అన్నీ దాటుకుని అరచెయ్యంత సాలీడు అక్కడికి పోగలదా?"

తల అడ్డంగా ఊపారు. తర్వాత అడిగారు: "మా మరదలికీ ఇదేనా అండీ?"

"ఆమెను నేను చూడలేదు. చూడని రోగి గురించి చెప్పను."

"అయ్యుండొచ్చా?"

"అయ్యుండొచ్చు."

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. "ఆ కుర్రాళ్లని గడ్డిలోకి దింపింది నేనేనండీ. ఒక్కడూ రానన్లేదు. నా మాట మీద వచ్చారు."

ఓదార్చడానికి నా దగ్గర సమయం లేదు. "ఇప్పుడు కూడా మీ మాటే వింటారు," అన్నాను. "కట్ట మీదకు వెళ్లిన ప్రతి మనిషిని, జ్వరం ఉన్నా లేకపోయినా, రేపు పొద్దున ఆస్పత్రికి తెప్పించండి. ఇప్పుడు మీరు మాత్రం నాతో రండి."

చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరకు వచ్చి, "పంపులు దించండిరా," అన్నారు. ఎందుకని అడిగినవాళ్లకు తాడు పక్కకు జరిపి తనే చూపించారు. ఇందాకటి బిడియం ఏమైందో తెలియదు. స్వరూప ఇచ్చిన మొదటి డోసు అక్కడే మింగి జీపు ఎక్కారు.

మర్నాడు ఓపీ ముందు రెండు ట్రాక్టర్ల మనుషులు దిగారు. మగవాళ్లను ఒక గదిలో, ఆడవాళ్లను ఒక గదిలో ఒక్కొక్కరినీ పూర్తిగా చూశాం. పక్కు కనిపించిన వాళ్లకు, జ్వరం ఉన్నవాళ్లకు మందు మొదలుపెట్టాం. ఒకతనికి కిడ్నీలు దెబ్బతినడంతో విజయవాడ పంపాల్సి వచ్చింది. నెల రోజులకు అతనూ తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఈ జ్వరంతో ఎవరూ పోలేదు. విజయవాడ ల్యాబు నుంచి నాగమణి రిపోర్టు, మిగతావాళ్ల రిపోర్టులు స్క్రబ్ టైఫస్ పాజిటివ్ అని వచ్చాయి. వాటి కోసం ఆగకపోవడమే మంచిదైంది. జిల్లా బృందం వచ్చి ఎలుకలను బోనుల్లో పట్టి వాటి చెవుల్లో నల్లుల పిల్లలను చూపించింది. భూతద్దం కింద రాంబాబు గారు కూడా చూశారు. ఆ పురుగును మీరు చూశారా అని నన్ను అడిగిన మనిషి కదా, నేనే పిలిపించి చూపించాను.

జరిగింది ఇది. వరద నీరు పెరిగినప్పుడు లంకలోని ఎలుకలూ, సాలీళ్లూ ఒక్కసారే కరకట్ట ఎక్కాయి. ఎలుకలు ఎప్పుడూ ఉండేవే కాబట్టి ఎవరూ లెక్క చేయలేదు. సాలీడు కొత్తగా కనిపించింది, చూడ్డానికి భయంకరంగా ఉంది. నింద దాని మీద పడింది. నాటుమందుల దగ్గర పోయిన రోజులు, గడ్డిలోకి దిగిన మనుషులు, ఇంకొంచెం ఉంటే చెరువులో కలవబోయిన మందు, ఇవన్నీ ఆ నింద వల్ల వచ్చినవే.

మాస్టారు మూడు సాలీళ్లను మట్టితో సహా డబ్బాల్లో పెట్టుకుని గుడివాడ బస్సెక్కారు. సాలీళ్ల మీద పరిశోధన చేసేవాళ్లకు పంపారు. పోలినవి ఉన్నాయి గాని ఇదే అని చెప్పడానికి ఇంకా నమూనాలు కావాలన్నారట. దాని పేరేమిటో ఇంకా తేలలేదు. ఆ ఊళ్లో మాత్రం ఇప్పుడు గడ్డికి వెళ్లేవాళ్లు బూట్లు వేసుకుంటున్నారు, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు వేణ్ణీళ్లలో నానేస్తున్నారు. సాలీళ్ల జోలికి పోవడం లేదు.

రిటైరయ్యాక అప్పుడప్పుడు కొత్త డాక్టర్లకు శిక్షణ తరగతులు చెప్పమని పిలుస్తుంటారు. ఈ కేసు తప్పకుండా చెప్తాను. రోగి కారణం చెప్తాడు, చోటు చూపిస్తాడు. రెండూ వినాలి, ఎగతాళి చేయకూడదు. కాని జ్వరంతో వచ్చిన మనిషికి చూపించిన చోటు ఒక్కటే చూసి వదిలేస్తే అది పరీక్ష కాదు. తెర లాగి, నర్సును పక్కన ఉంచుకుని, నెత్తి నుంచి అరికాలి దాకా, మడత మడతా చూడాలి. ఓపీలో వంద మంది ఉన్నా చూడాలి. అందుకు పట్టేది ఐదు నిమిషాలు.